బ్యాక్టీరియాను ప్రింట్ చేయడం దేనికి? సూక్ష్మజీవుల కాలనీలను 3డీలో చదివే పద్ధతి

బయోప్రింటింగ్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది అవయవాల తయారీ. 2022లో హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ, ఐఐటీ హైదరాబాద్, సీసీఎంబీ కలిసి 3డీ ప్రింటింగ్‌తో కృత్రిమ కార్నియా తయారుచేసి కుందేలు కంటికి అమర్చినప్పుడు ఆ మాట తెలుగు పత్రికల్లోనూ బాగానే వినిపించింది. రేపోమాపో కిడ్నీలూ లివర్లూ ఇలాగే వచ్చేస్తాయన్న ఆశ జనంలో ఉంది. ఇదే టెక్నాలజీని కొన్ని ప్రయోగశాలలు పైకి ఏమాత్రం సంబంధం కనిపించని పనికి వాడుతున్నాయి. అక్కడ ప్రింట్ అవుతున్నది బ్యాక్టీరియా.

వినగానే వచ్చే సందేహం సబబైనదే. రాత్రి మిగిలిన పప్పు ఫ్రిజ్‌లో పెట్టడం మర్చిపోతే చాలు, పొద్దున్నకల్లా అందులో బ్యాక్టీరియా దానంతటదే పెరిగిపోతుంది. పిలవకుండానే వచ్చేదాన్ని పనిగట్టుకుని సిరంజిలో నింపి, సూదితో గీతలు గీయడం దేనికి?

పెరగడం వరకూ బ్యాక్టీరియాకు మన సాయం అక్కర్లేదు. చిక్కల్లా అది ఎక్కడ మొదలైంది, ఎన్ని కణాలతో మొదలైంది, పక్కన ఎవరున్నారు, చుట్టూ ఉన్న పదార్థం ఎంత బిగుతుగా ఉంది అన్నవి మన చేతిలో లేకపోవడమే. ఇవి తెలియకుండా చివర్లో కనిపించే కాలనీని చూసి అది అలా ఎందుకు పెరిగిందో చెప్పడం కష్టం. బయోప్రింటర్ ఇక్కడ ఇచ్చేది ఆ మొదటి పరిస్థితి మీద పట్టు. కొత్త జీవిని సృష్టించడం, జన్యువులు మార్చడం ప్రింటర్ పని కాదు. ముందే పెంచిన మామూలు బ్యాక్టీరియానే కావలసిన చోట, కావలసిన ఆకారంలో అది నాటుతుంది.

కల్చర్ రిపోర్టులో కనిపించే ‘కాలనీ’

మూత్రంలో ఇన్ఫెక్షన్ అనుమానం వస్తే డాక్టర్లు యూరిన్ కల్చర్ రాస్తారు. ల్యాబ్‌లో టెక్నీషియన్ ఒక కొలత లూప్‌తో కొద్దిపాటి శాంపిల్ తీసి, జెల్లీలాంటి అగార్ పోసిన ప్లేటు మీద అటూ ఇటూ గీస్తారు. ఇంక్యుబేటర్‌లో 37 డిగ్రీల దగ్గర ఒక రాత్రి ఉంచితే ప్లేటు మీద గుండ్రటి చుక్కలు తేలతాయి. ఒక్కో చుక్కా ఒక కాలనీ. మొదట అక్కడ పడిన ఒక్క కణానికి, లేదా అంటుకుని ఉన్న కొద్ది కణాలకు, పుట్టిన లక్షల సంతానం అది. ‘మిల్లీలీటరుకు 1 లక్ష సీఎఫ్‌యూ’ అని రిపోర్టులో ఉండేది ఈ లెక్కే. సీఎఫ్‌యూ అంటే ఒక కాలనీని మొదలుపెట్టగలిగిన యూనిట్. ‘ఇన్ని కణాలు’ అని సూటిగా రాయకపోవడానికి కారణం, ఒక చుక్క ఒక్క కణం నుంచి వచ్చిందో నాలుగైదు కలిసిన గుంపు నుంచి వచ్చిందో చుక్కను చూసి చెప్పలేకపోవడం.

ఈ ప్లేటు వయసు దాదాపు 140 ఏళ్లు. జర్మనీలో రాబర్ట్ కాక్ బృందం మొదట బంగాళదుంప ముక్కల మీదా, జెలటిన్ మీదా బ్యాక్టీరియాను పెంచేది. జెలటిన్‌తో రెండు బాధలు: ఇంక్యుబేటర్ వేడికి అది కరిగిపోతుంది, కొన్ని బ్యాక్టీరియా దాన్ని తినేసి నీరు చేసేస్తాయి. ఆ ల్యాబ్‌లో పనిచేసిన వాల్తర్ హెస్సే భార్య ఫానీ హెస్సే, వంటింట్లో జెల్లీలకు వాడే అగార్‌ను వాడి చూడమని 1881లో సలహా ఇచ్చారు. సముద్రపు నాచు నుంచి తీసే అగార్ ఒకసారి గట్టిపడితే సుమారు 85 డిగ్రీలు దాటేదాకా కరగదు, చాలా బ్యాక్టీరియాకు అది తిండి కూడా కాదు. 1887లో జూలియస్ పెట్రీ మూత ఉన్న గాజు పళ్లేన్ని తెచ్చాడు. ఇప్పటికీ ఏ మైక్రోబయాలజీ ల్యాబ్‌కు వెళ్లినా కనిపించేది ఇదే జోడీ. ఆ సలహా ఇచ్చినావిడ పేరు ప్లేటుకు రాలేదు, మూత పెట్టినాయన పేరు వచ్చింది.

చదునైన ప్లేటు దాచిపెట్టే లెక్క

ప్లేటు మీద కాలనీకి కింద నుంచి తిండి, పై నుంచి గాలి అందుతాయి. పక్కలకు పాకడానికి చోటు ఉంటుంది. కానీ మన పేగుల్లోని శ్లేష్మంలో, ఊపిరితిత్తుల కళ్లెలో, పొలం మట్టి రేణువుల సందుల్లో ఉండే బ్యాక్టీరియాకు ఇంత సుఖం లేదు. అక్కడ అన్ని వైపులా ఏదో ఒకటి అడ్డం ఉంటుంది. తిండీ ఆక్సిజనూ బయటి నుంచి లోపలికి చొచ్చుకుని రావాలి. ఈ తేడా ఎంత పెద్దదో మూడు లెక్కలతో చూద్దాం.

మొదటిది పెరుగుదల వేగం. మంచి తిండి దొరికితే ఈ.కోలి బ్యాక్టీరియా 20 నిమిషాలకు ఒకసారి రెండుగా చీలుతుంది. అంటే గంటకు 3 సార్లు, రోజుకు 72 సార్లు. ఒక్క కణాన్ని 72 సార్లు రెట్టింపు చేస్తే వచ్చే సంఖ్యలో 22 అంకెలుంటాయి. ఒక్కో కణం బరువు గ్రాములో లక్ష కోట్లో వంతు అనుకున్నా, ఒక్క రోజులో మొత్తం 4,700 టన్నులు దాటాలి. ఎక్కడా అలా జరగడం లేదు కాబట్టి అడ్డుపడేది తిండి, చోటు అని అర్థం. ఒక కాలనీ కథలో ఎక్కువ భాగం ఈ అడ్డంకుల కథే.

రెండోది తిండి ప్రయాణం. గ్లూకోజ్ లాంటి చిన్న అణువులు కదలని నీటిలో విసరణ ద్వారా, అంటే యాదృచ్ఛికంగా అటూ ఇటూ తిరుగుతూ, వ్యాపిస్తాయి. దూరం పది రెట్లయితే పట్టే సమయం వంద రెట్లవుతుంది. ఒక మిల్లీమీటరులో పదో వంతు దూరానికి సుమారు 8 సెకన్లు సరిపోతుంది. 1 మిల్లీమీటరుకు 14 నిమిషాలు కావాలి. 1 సెంటీమీటరుకు దాదాపు ఒక రోజు. 20 నిమిషాలకోసారి చీలే జీవికి ఒక రోజు ఎదురుచూపు అంటే ఎన్నో తరాలు.

మూడోది అసలు కిటుకు. గుండ్రటి కాలనీ ఒకటి ఊహించుకోండి. దాని పైపొరలోని కణాలే తిండిని లాగేసుకోవడం వల్ల 10 మైక్రాన్ల మందం వరకే తిండి అందుతోంది అనుకుందాం. (1 మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఈ.కోలి పొడవు సుమారు 2 మైక్రాన్లు.) కాలనీ వ్యాసార్ధం 20 మైక్రాన్లు ఉన్నప్పుడు 87.5 శాతం కణాలకు తిండి అందుతుంది. వ్యాసార్ధం 100 మైక్రాన్లకు చేరితే 27 శాతానికే అందుతుంది. 1 మిల్లీమీటరు అయితే 3 శాతానికి. 10 మైక్రాన్లు అన్నది లెక్క కోసం తీసుకున్న అంకె, బ్యాక్టీరియాను బట్టీ తిండిని బట్టీ అది మారుతుంది. ఏ అంకె తీసుకున్నా ధోరణి ఒకటే: కాలనీ పెరిగేకొద్దీ పెరగగలిగే కణాల వాటా పడిపోతూ ఉంటుంది. లోపలివి ఆకలితో నిద్రావస్థలోకి పోతాయి, లేదా చస్తాయి.

ఇది మందుల విషయంలోనూ ముఖ్యమే. పెన్సిలిన్ జాతి మందులు గోడ కట్టుకుంటూ పెరుగుతున్న బ్యాక్టీరియా మీదే బాగా పనిచేస్తాయి. నిద్రావస్థలో ఉన్న కణం జన్యుపరంగా ఏ రక్షణా లేకపోయినా మందు దెబ్బ నుంచి తప్పించుకోగలదు. దీన్ని తట్టుకోవడం అంటారు. మందును విరగ్గొట్టే, బయటికి నెట్టేసే జన్యుశక్తి ఉండటం నిరోధకత. వార్తల్లో రెండూ కలగలిసిపోతుంటాయి. రెండు కాలనీల్లో ఉన్నది ఒకే జన్యువులైనా, కణం ఎక్కడ కూర్చుందన్న దాన్ని బట్టి మందు పనిచేయొచ్చు, చేయకపోవచ్చు.

ప్రింటర్‌లో సిరా ఏమిటి, కాగితం ఏమిటి

బయోప్రింటింగ్ అంటే బతికున్న కణాలను కంప్యూటర్ చెప్పిన చోట, చెప్పిన పరిమాణంలో పెట్టడం. కణాలు కలిపిన ద్రవాన్ని లేదా జెల్‌ను బయోఇంక్ అంటారు. పద్ధతులు చాలా ఉన్నాయి గానీ కాలనీల అధ్యయనంలో నాలుగు తరహాలు కనిపిస్తాయి.

పాతది ఇంక్‌జెట్. 2004లో అమెరికాలోని క్లెమ్సన్ యూనివర్సిటీ పరిశోధకులు బజారులో దొరికే ఇంక్‌జెట్ ప్రింటర్‌నే మార్చి, సిరా బదులు ఈ.కోలి ఉన్న ద్రవంతో అగార్ మీద చుక్కలు వేశారు. రెండోది సూది నుంచి నెట్టే పద్ధతి. 2017లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ యూనివర్సిటీలో అన్నే మేయర్ బృందం ఒక మామూలు 3డీ ప్రింటర్‌కు ప్లాస్టిక్ కరిగించే భాగం తీసేసి, బ్యాక్టీరియా కలిపిన ఆల్జినేట్‌ను పంపింది. ఆల్జినేట్ కూడా సముద్రపు నాచు సరుకే. కాల్షియం తగిలితే చాలు, గట్టిపడుతుంది. ప్లేటులోని అగార్‌లో ముందే కాల్షియం కలిపి ఉంచారు కాబట్టి గీసిన గీత గీసినట్టే నిలిచింది. మూడోది లేజర్‌తో జెలటిన్‌ను బిగించి, బ్యాక్టీరియా చుట్టూ కంటికి కనిపించని గదులు కట్టడం. నాలుగోది నూనెలో అతి చిన్న నీటి బొట్లను పక్కపక్కన పేర్చడం. చివరి రెండింటి కథ కిందికి వస్తుంది.

మన శరీర కణాలను ప్రింట్ చేయడంతో పోలిస్తే ఇది ఒక రకంగా తేలిక. జంతు కణాలకు పలచటి పొర తప్ప గోడ లేదు, సన్నటి సూదిలోంచి నెట్టేటప్పుడు ఒత్తిడికి చితికిపోతాయి. బ్యాక్టీరియాకు గట్టి గోడ ఉంటుంది కాబట్టి ఎక్కువ శాతం బతికి బయటపడతాయి. కష్టం ఇంకో చోట ఉంది. ఇక్కడ వాడే సూదుల లోపలి వెడల్పు సాధారణంగా వంద మైక్రాన్ల పైమాటే, బ్యాక్టీరియా చూస్తే 1–2 మైక్రాన్లు. ‘ఒక్కో బ్యాక్టీరియాను ఏరి పెడతారు’ అని ఎవరైనా రాస్తే అది అతిశయోక్తే.

బొట్లు వేసే ప్రింటర్‌తో కూడా అంత సులువు కాదు. మిల్లీలీటరుకు 10 కోట్ల కణాలున్న ఇంక్ తీసుకుని, మిల్లీలీటరులో 10 లక్షల వంతు బొట్టు వేస్తే అందులో సగటున 100 కణాలుంటాయి. ఇంక్‌ను 100 రెట్లు పలచన చేస్తే సగటు 1 అవుతుంది. సగటు 1 అంటే ప్రతి బొట్టులో ఒకటి ఉంటుందని కాదు. సంభావ్యత లెక్క ప్రకారం 37 శాతం బొట్లు ఖాళీగా పోతాయి, మరో 37 శాతంలో సరిగ్గా ఒకటి ఉంటుంది, మిగిలిన 26 శాతంలో రెండు లేదా అంతకన్నా ఎక్కువ. అందుకే ఇలాంటి ప్రయోగాల్లో వందల బొట్లు వేసి, మైక్రోస్కోప్ కింద చూసి, పనికొచ్చేవాటినే లెక్కలోకి తీసుకోవాల్సి వస్తుంది.

హెయిర్ జెల్ లోపల గీత గీయడం

కాలనీ 3డీలో పెరగాలంటే దాన్ని గాలిలో వేలాడదీయలేం, నీటిలో వదిలితే మునిగిపోతుంది లేదా చెదిరిపోతుంది. ఈ చిక్కు విప్పిన ఆలోచన 2015లో ఫ్లోరిడా యూనివర్సిటీలో థామస్ ఆంజెలిని ల్యాబ్ నుంచి వచ్చింది. ఆ పరిశోధనా పత్రం మొదటి రచయిత తపోమయ్ భట్టాచార్జీ. ఆయన పేరు కింద మళ్లీ రెండు సార్లు తగులుతుంది.

వాళ్లు వాడిన పదార్థం కార్బోపాల్. మనం చేతులకు రాసుకునే శానిటైజర్ జెల్‌కూ, హెయిర్ జెల్‌కూ చిక్కదనం ఇచ్చే పొడి ఇదే రకం. నీటిలో వేస్తే ఒక్కో రేణువూ ఉబ్బి మెత్తటి గోళీలా తయారవుతుంది. అలాంటివి కోట్ల కొద్దీ ఒకదాన్నొకటి నొక్కుకుంటూ డబ్బా నిండా కూర్చుంటాయి. హెయిర్ జెల్ డబ్బాలో పుల్ల గుచ్చి కదిపి చూడండి. పుల్ల వెళ్లే చోట జెల్ ద్రవంలా దారి ఇస్తుంది. పుల్ల దాటగానే వెనక మళ్లీ ఘనపదార్థంలా మూసుకుంటుంది. పుల్ల బదులు సన్నటి సూది పెట్టి, కదుపుతూ బ్యాక్టీరియాను వదిలితే, వదిలిన గీత ఎక్కడిదక్కడే నిలబడిపోతుంది. పైకి తేలదు, కిందికి జారదు.

ఈ జెల్‌కు ఇంకొన్ని సుగుణాలున్నాయి. నీటి బదులు బ్యాక్టీరియాకు కావలసిన పోషక ద్రవంతోనే రేణువులను ఉబ్బించవచ్చు. రేణువుల అల్లికలోని రంధ్రాలు నానోమీటర్ల స్థాయివి కాబట్టి చక్కెర, ఆక్సిజన్ అడ్డం లేకుండా వెళ్తాయి, బ్యాక్టీరియా మాత్రం రేణువుల మధ్య సందుల్లోనే తిరగాలి. పొడి ఎక్కువ వేస్తే సందులు ఇరుకవుతాయి, తక్కువ వేస్తే వదులవుతాయి. పైగా మొత్తం పారదర్శకం, మైక్రోస్కోప్‌తో లోపలికి నేరుగా చూడొచ్చు. మట్టిలోనో కళ్లెలోనో ఈ సౌకర్యం లేదు.

ఇరుకు సందుల్లో ఏం జరుగుతుందో 2019లో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో భట్టాచార్జీ, సుజిత్ దత్తా చూశారు. ఈ.కోలి నీటిలో కొంత దూరం తిన్నగా ఈది, ఆగి తిరిగి దిశ మార్చుకుంటుందని పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. జెల్‌లో అది అలా కదల్లేదు. ఒక సందులో చిక్కుకుని కొంతసేపు గింజుకుని, దారి దొరకగానే పక్క సందులోకి దూకి, అక్కడ మళ్లీ చిక్కుకుంది. దశాబ్దాలుగా ద్రవంలో చూసి రాసుకున్న కదలిక సూత్రం మట్టిలాంటి చోట్లకు నేరుగా వర్తించదని తేలింది.

నున్నటి గీత బ్రోకలీలా ఎందుకు మారింది

ఈ రంగంలో ఇప్పటిదాకా బాగా పేరొచ్చిన ఫలితం 2022లో అదే ప్రిన్స్‌టన్ బృందం ప్రచురించినది. జెల్ లోపల బ్యాక్టీరియాను చిక్కగా, నున్నటి కడ్డీలాంటి గీతగా ప్రింట్ చేసి, రోజుల తరబడి ఫొటోలు తీశారు. ఈ.కోలి, కలరా కలిగించే విబ్రియో కలరే, ఆసుపత్రి ఇన్ఫెక్షన్లలో తరచూ కనిపించే సూడోమోనాస్ ఎరుజినోసా, సెల్యులోజ్ తయారుచేసే కొమగటైబాక్టర్ అనే నాలుగు రకాలు వాడారు. వీటి ఆకారాలు, వేగాలు, అలవాట్లు వేరు. పెరిగాక అన్నింటి ఉపరితలమూ ఒకేలా బుడిపెలు బుడిపెలుగా, బ్రోకలీ పువ్వులా గరుకుగా మారింది.

కారణం పైన చెప్పిన మూడో లెక్కలోనే ఉంది. కాలనీ ఒక పరిమాణం దాటాక పైపొర మాత్రమే పెరుగుతుంది. ఆ పొరలో ఎక్కడో ఒక చోట అనుకోకుండా చిన్న బుడిపె లేచిందనుకుందాం. బుడిపె కొసన ఉన్న కణాలకు మూడు వైపుల నుంచీ తాజా తిండి అందుతుంది. పక్క పల్లంలో ఉన్నవాటికి, రెండు వైపులా ఉన్న కణాలు తినగా మిగిలిందే దక్కుతుంది. కొస ఇంకా వేగంగా పెరుగుతుంది, పల్లం ఇంకా వెనకబడుతుంది. చిన్న తేడా తనను తాను పెంచుకుంటూ పోతుంది. చిన్న కాలనీలో లోపలిదాకా తిండి అందుతుంది కాబట్టి ఈ గొడవ మొదలవదు. అందుకే గరుకుతనం ఒక హద్దు దాటాకే వస్తుంది. నాలుగు రకాల్లోనూ ఒకే ఆకారం రావడాన్ని బట్టి, దీనికి ప్రత్యేక జన్యువు అక్కర్లేదు, తిండి కోసం పోటీ చాలు అని బృందం వాదించింది.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పుకోవాలి. చదునైన ప్లేటు మీద కొమ్మలు కొమ్మలుగా పెరిగే కాలనీలు కొత్త కాదు. జపాన్‌లో 1980ల చివర్లోనే, తిండి బాగా తక్కువగా ఉన్న గట్టి అగార్ మీద బాసిల్లస్ సబ్టిలిస్ అలా పెరుగుతుందని చూపించారు. కొత్త సంగతి ఏమిటంటే, చిక్కటి 3డీ కాలనీకి తిండి తన ఉపరితలం గుండానే రావాలి కాబట్టి, దానికి ఈ గరుకుతనం దాదాపు తప్పని గతి కావడం. ప్రింటర్ లేకపోతే ఇది తేల్చడం కష్టమయ్యేది. మొదట ఉన్నది నున్నటి గీతే అని ఖాయంగా తెలిస్తేనే, తర్వాత వచ్చిన గరుకు పెరుగుదల వల్లే వచ్చిందని చెప్పగలం.

పక్కింటివాళ్లను మార్చి చూడటం

ఒకే జాతిని పెంచడం సగం కథ. బ్యాక్టీరియా ఒంటరిగా ఉండటం అరుదు. ఎవరి పక్కన ఎవరు ఉన్నారన్నది ప్రింటర్‌తో మార్చి చూసిన రెండు ప్రయోగాలు చెప్పుకోదగ్గవి.

2021లో ఆక్స్‌ఫర్డ్ బృందం ఒకదాన్నొకటి విషంతో చంపే ఈ.కోలి రకాలను బొట్లుగా ప్రింట్ చేసింది. విషం చేసే రకాన్నీ, దానికి లొంగిపోయే రకాన్నీ బాగా కలిపేస్తే లొంగేది దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. అవే రెండింటినీ పక్కపక్క బొట్లలో విడిగా పెడితే లొంగే రకం పెద్ద సంఖ్యలో బతికింది. సరిహద్దులో ఉన్న కణాలు విషాన్ని పీల్చుకుని తాము చస్తూ వెనకున్న తమ జాతిని కాపాడాయి. బ్యాక్టీరియా అవే, సంఖ్య అదే, మారింది అమరిక మాత్రమే. అదీ మిల్లీమీటరు కన్నా తక్కువ దూరాల్లో. రెండూ విషం చేసే రకాలైతే ఒకటి గెలుస్తుందా, రెండూ నాశనమవుతాయా అన్నది కూడా అమరికను బట్టే మారింది.

రెండోది 2013లో టెక్సస్ యూనివర్సిటీ, ఆస్టిన్‌లో లేజర్ పద్ధతితో చేసినది. గాయాల్లో కలిసి కనిపించే స్టెఫిలోకాకస్ ఆరియస్, సూడోమోనాస్ ఎరుజినోసా రెండింటినీ తీసుకుని, మధ్యలో స్టెఫిలోకాకస్ ఉండేలా, చుట్టూ సూడోమోనాస్ పెంకులా ఉండేలా గదులు కట్టారు. ఆంపిసిలిన్ మందు పోసినప్పుడు, చుట్టూ ఉన్న సూడోమోనాస్ మందును విరగ్గొట్టే ఎంజైమ్‌ను చేయడంతో లోపలి స్టెఫిలోకాకస్ ఎక్కువగా బతికి బయటపడింది. ల్యాబ్‌లో స్టెఫిలోకాకస్‌ను విడిగా తీసి పరీక్షిస్తే మందు పనిచేస్తుందనే వస్తుంది. గాయంలో అది ఎవరి చాటున ఉందో ఆ పరీక్షకు తెలియదు. మామూలు పరీక్షలో మందు పనిచేసి, రోగిలో పనిచేయకపోవడానికి ఇదొక్కటే కారణం అనడానికి లేదు గానీ, ఇలాంటి కారణం ఒకటి ఉండగలదని నిరూపించడం చిన్న విషయం కాదు.

బెంగళూరులో తేలిన ఆకారం సంగతి

భట్టాచార్జీ ఇప్పుడు బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లో సొంత ల్యాబ్ నడుపుతున్నారు. అదే సంస్థలో పరిణామ శాస్త్రం మీద పనిచేసే దీపా అగాషే తదితరులతో కలిసి 2024లో ఆయన బృందం ప్రచురించిన ప్రశ్న చాలా సరళం: బ్యాక్టీరియా పొడుగ్గా ఉంటే లాభమా, పొట్టిగా గుండ్రంగా ఉంటే లాభమా?

పేగుల శ్లేష్మం ఎంత మెత్తగా, ఎంత జిగటగా ఉంటుందో అలాంటి 3డీ జెల్‌లు తయారుచేసి, వేర్వేరు ఆకారాల బ్యాక్టీరియాను వాటిలో పెంచారు. గుండ్రటివి ఒకదాని మీద ఒకటి పడి ముద్దగా, బంతిలా పెరిగాయి. పొడుగాటివి చీలినప్పుడల్లా పిల్లలను దూరంగా నెట్టుకుంటూ సాగదీసినట్టున్న కాలనీలు కట్టాయి. సాగిన ఆకారానికి ఉపరితలం ఎక్కువ, కాబట్టి తిండి అందే కణాలు ఎక్కువ. జెల్ బిగుతు పెంచేకొద్దీ గుండ్రటివాటి పెరుగుదల బాగా దెబ్బతింది, పొడుగాటివి అంతగా నష్టపోలేదు. బ్యాక్టీరియా ఆకారాన్ని పరిణామం ఎంచుకోవడంలో చుట్టూ ఉన్న ఇరుకు కూడా ఒక కారణం కావచ్చని వాళ్లు అంటున్నారు. ‘పరీక్షించిన పరిస్థితుల్లో’ అన్న షరతు కూడా వాళ్లే పెట్టారు. ప్రకృతిలో గుండ్రటి బ్యాక్టీరియాకు కొదవ లేదు మరి, వాటికి వేరే లాభాలు ఉండి ఉండాలి.

ఇంత హంగామా అవసరమా అనేవాళ్ల వాదన

ఈ పద్ధతిని అందరూ చప్పట్లతో స్వాగతించాలని ఏమీ లేదు, పెట్టదగిన అభ్యంతరాల్లో బలం ఉంది.

ఒకటి, ప్రింటర్ లేకుండానే 3డీ సాధ్యం కదా అన్నది. గోరువెచ్చటి పలచటి అగార్‌లో కణాలను కలిపి పోస్తే అవి లోపలే కాలనీలు కడతాయి. నిజమే, ఒక్కో కణం నుంచి చెదురుమదురుగా పుట్టే కాలనీలు చాలనుకుంటే అదే చవక. రెండు జాతుల మధ్య దూరం 0.2 మిల్లీమీటర్లు ఉంటే ఏమవుతుంది, 0.8 ఉంటే ఏమవుతుంది అని అడగాలంటే మాత్రం పోసే పద్ధతి పనికిరాదు. ప్రశ్నను బట్టి పనిముట్టు.

రెండోది ఇంకా బరువైనది. శుభ్రమైన సింథటిక్ జెల్ నిజమైన కళ్లె కాదు, మట్టి కాదు. అందులో రోగనిరోధక కణాలు లేవు, ద్రవ ప్రవాహం లేదు, మట్టిలోని తడి ఆరడం, మళ్లీ తడవడం లేదు. ఒక్కో కారణాన్ని విడదీసి చూడాలంటే మిగతావన్నీ ఆపేయక తప్పదన్నది భౌతికశాస్త్రం వైపు నుంచి వచ్చే జవాబు. నా దృష్టిలో ఈ జవాబు సగమే సరిపోతుంది. తిండి పోటీతో ఆకారం మారుతుందని చెప్పడానికి జెల్ చాలు. ఫలానా రోగి ఊపిరితిత్తుల్లో ఇలాగే జరుగుతోందని చెప్పడానికి చాలదు.

మూడోది చూడటంలోని చిక్కు. చాలా ప్రయోగాల్లో బ్యాక్టీరియాకు ఆకుపచ్చగా మెరిసే ప్రోటీన్ జన్యువు పెట్టి, మెరుపును బట్టి ఎక్కడ ఏముందో గుర్తిస్తారు. ఆ ప్రోటీన్ మెరవాలంటే ఆక్సిజన్ కావాలి. కాలనీ నడిబొడ్డున ఆక్సిజన్ ఉండదు. అక్కడ చీకటిగా కనిపిస్తే కణాలు చచ్చాయా, నిద్రపోయాయా, బతికే ఉండి మెరవడం లేదా అన్నది ఫొటో ఒక్కటే చూసి చెప్పలేం. పైగా చిక్కటి కాలనీలో కాంతి చెదిరిపోవడంతో లోతుకు వెళ్లేకొద్దీ బొమ్మ మసకబారుతుంది.

ఇంకొందరు చదునైన ప్లేటును అంత తేలిగ్గా తీసిపారేయొద్దంటారు. 2007లో హార్వర్డ్ పరిశోధకులు రెండు రంగుల ఈ.కోలిని సమానంగా కలిపి ప్లేటు మధ్యలో ఒక చుక్క వేశారు. అంచు విస్తరించేకొద్దీ కలిసిన రంగులు విడిపోయి, ఒక్కో రంగూ విడివిడి చీలికలుగా మిగిలింది. రెండింటి శక్తి సమానమే అయినా, ముందు వరుసలో ఎవరు పడ్డారన్న అదృష్టం చాలు, తర్వాతి తరాల జన్యువులను నిర్ణయించడానికి. పరిణామంలో యాదృచ్ఛికత పాత్రను ఇంత స్పష్టంగా చూపిన ప్రయోగానికి కావలసింది రెండు రంగులు, ఒక అగార్ ప్లేటు.

ప్రింటింగ్‌లో ముందున్న దత్తా బృందమే 2025 మొదట్లో ప్రచురించిన ఫలితం కూడా, కొత్త సంగతి తేలడానికి ప్రతిసారీ ప్రింటర్ అక్కర్లేదన్న ఈ వాదనకే బలం ఇచ్చింది. శ్లేష్మంలో ఉండేలాంటి పొడవాటి పాలిమర్ అణువులను ద్రవంలో కలిపి, ఈదలేని బ్యాక్టీరియాను అందులో పెంచితే, చీలిన కణాలు విడిపోకుండా ఒకదాని చివర ఒకటి అంటుకుని పొడవాటి తాళ్లు కట్టాయి. చుట్టూ ఉన్న పాలిమర్లు వాటిని ఒకదానికొకటి నొక్కిపట్టడమే కారణం. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వంశపారంపర్య జబ్బు ఉన్న రోగుల ఊపిరితిత్తుల్లో పేరుకునే చిక్కటి శ్లేష్మం గురించి ఆలోచిస్తూ మొదలైన పని ఇది. అలా తాళ్లు కట్టడం వల్ల రోగనిరోధక కణాలు బ్యాక్టీరియాను మింగలేకపోతాయా, లేక పెద్ద చిక్కులా తయారవడం వల్ల శరీరం వాటిని దగ్గుతో తేలిగ్గా బయటికి నెట్టేస్తుందా అన్నది ఇంకా తేలలేదు.